బెంగళూరులోని చిన్న క్లబ్ ఐఎస్‌ఎల్‌కు చేరాలంటే ఏ దారి మేలు?

బెంగళూరు ఎఫ్‌సీ కాకుండా ఈ ఊరి నుంచి ఇంకో క్లబ్ దేశంలో పై లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఆడగలదా? ఇక్కడ ఫుట్‌బాల్ చూసే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. ఈ మధ్య అది కబుర్ల స్థాయి దాటింది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే కొందరు ఐటీ మిత్రులు, పీణ్యలో చిన్న ఫ్యాక్టరీ నడిపే అనంతపురం పెద్దాయన ఒకరు కలిసి ఇక్కడి స్థానిక లీగ్ అయిన సూపర్ డివిజన్‌లో ఆడే ఒక క్లబ్‌కు అండగా నిలబడాలని చూస్తున్నారు. "డబ్బు పెట్టడానికి మాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ క్లబ్ ఎప్పటికైనా పైకి పోగలదా, పోతే ఏ దారిన పోవాలి, అది చెప్పు" అని నన్ను అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే ఆలోచనలో ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది.

సూటిగా చెప్పాలంటే, పోగలదు. 2023 నుంచి 2025 దాకా ఏటా ఒక క్లబ్, ఐఎస్‌ఎల్‌కు కింది మెట్టయిన ఐ-లీగ్ (2026లో దీని పేరు ఇండియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది) గెలిచి ఐఎస్‌ఎల్ అర్హత తెచ్చుకుంది. మొదట పంజాబ్ ఎఫ్‌సీ, తర్వాత మొహమ్మదన్ స్పోర్టింగ్, ఆ తర్వాత ఇంటర్ కాశీ. కాబట్టి తలుపు ఉందా లేదా అన్న చర్చ ముగిసినట్టే. మిగిలింది దారి ఎంపిక. నా దృష్టిలో పైకి చేరడం కన్నా చేరిన మరుసటి ఏడాది కాళ్ల మీద నిలబడటం చాలా కష్టం. ఏ దారి తొందరగా చేరుస్తుందని కాక, చేరాక మన జేబులో, మన జట్టులో ఏం మిగులుస్తుందని చూసి ఎంచుకోవాలి. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాను.

తలుపు మూసి ఉన్న రోజులు

ఐఎస్‌ఎల్ 2014లో ఎనిమిది జట్లతో మొదలైంది. అప్పట్లో అది రెండు మూడు నెలల టోర్నమెంట్. దేశంలో అసలు లీగ్ అంటే ఐ-లీగే. 2017లో జరిగింది గుర్తుంటే చాలు, ఆనాటి పరిస్థితి అర్థమవుతుంది. ఆ సీజన్‌లో ఐ-లీగ్ గెలిచింది మిజోరం నుంచి వచ్చిన ఐజ్వాల్. అంతకుముందు ఏడాది కిందికి దిగిపోవాల్సిన జట్టు అది. నాలుగో స్థానంలో నిలిచింది బెంగళూరు ఎఫ్‌సీ. ఐఎస్‌ఎల్‌లోకి వెళ్లింది మాత్రం బెంగళూరే, బిడ్ వేసి, అంటే డబ్బు కట్టి స్థానం తీసుకుని. ఛాంపియన్ అక్కడే ఉండిపోయింది. ఇందులో బెంగళూరు ఎఫ్‌సీ తప్పేమీ లేదు. ఆనాటి నియమం అది.

చెన్నై సిటీ కథ నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. 2018-19లో కోయంబత్తూరు మైదానం నుంచి ఆడుతూ, ఒక్క పాయింటు తేడాతో ఈస్ట్ బెంగాల్‌ను దాటి ఐ-లీగ్ కొట్టింది ఆ జట్టు. స్పెయిన్ నుంచి వచ్చిన పెడ్రో మాంజీ గోల్స్ మీద గోల్స్ వేశాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎఫ్‌సీ బాసెల్ వచ్చి వాటా కూడా తీసుకుంది. కానీ ఎక్కడానికి మెట్టు లేదు. రెండు మూడేళ్లలో క్లబ్ దేశీయ లీగ్ నుంచే కనుమరుగైంది. గోకులం కేరళ 2020-21, 2021-22 వరుసగా రెండుసార్లు గెలిచినా పైకి రాలేదు. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రవేశ ఫీజు లేని ప్రమోషన్ (గెలిచి పై లీగ్‌కు చేరడం) 2022-23 ఛాంపియన్ నుంచే మొదలు కావాలి. గోకులం ఒక్క ఏడాది ముందు గెలిచింది.

ఈ పాత సంగతులు ఎందుకంటే, మన దేశంలో నియమాలు ఏ సీజన్‌కు ఎలా ఉంటాయో చివరిదాకా చూసుకోవాలి. నాలుగేళ్ల ప్లాన్ వేసుకుని దిగే క్లబ్ ఆ నాలుగేళ్లూ తలుపు తెరిచే ఉంటుందని నమ్మి మొత్తం పందెం కాయకూడదు.

ఆడి ఎక్కడం

ఇప్పుడున్న మెట్లు, పాత పేర్లతో చెబితే, ఇవి. రాష్ట్ర లీగ్, అంటే మనకు బెంగళూరు సూపర్ డివిజన్. అక్కడ బాగా ఆడి రాష్ట్రం తరఫున పేరు వెళ్తే ఐ-లీగ్ 3. అక్కడి నుంచి ఐ-లీగ్ 2, తర్వాత ఐ-లీగ్, ఆపైన ఐఎస్‌ఎల్. ఐఎస్‌ఎల్ క్లబ్బుల రిజర్వ్ జట్లు కింది లీగ్‌లలో ఆడినా పైకి రావడానికి లేదు. కాబట్టి వాళ్ల చేతిలో ఓడినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు.

ఎన్నేళ్లు పడుతుంది? పశ్చిమ బెంగాల్‌లో 2022లో పుట్టిన డైమండ్ హార్బర్, 2024-25 ఒక్క సీజన్‌లోనే ఐ-లీగ్ 3, ఐ-లీగ్ 2 రెండూ గెలిచి ఐ-లీగ్‌కు అర్హత సాధించింది. 2025 డ్యూరాండ్ కప్‌లో ఫైనల్ దాకా కూడా వచ్చింది. వెనక గట్టి అండ, పెద్ద కోచ్, అనుభవమున్న ఆటగాళ్లు ఉంటే మూడేళ్లలో అంత దూరం పోవచ్చని ఇది చెబుతోంది. అంత బలం లేని క్లబ్‌కు ఇది కొలబద్ద కాదు.

మన ఊరి అనుభవం వేరు. ఎఫ్‌సీ బెంగళూరు యునైటెడ్ 2018లో మొదలైంది. 2021లో స్పెయిన్ క్లబ్ సెవియాతో చేయి కలిపింది. 2020 అక్టోబరులో బెంగాల్‌లో జరిగిన ఐ-లీగ్ అర్హత పోటీలో ఆడింది కూడా. ఐదు జట్ల ఆ చిన్న పోటీలో గెలిచింది మొహమ్మదన్. అదే మొహమ్మదన్ నాలుగేళ్లకు ఐఎస్‌ఎల్‌లో ఉంది. బెంగళూరు యునైటెడ్ 2024-25 దాకా రెండో డివిజన్ (ఇప్పుడు చెప్పిన ఐ-లీగ్ 2) దాటలేకపోయింది. పదిరోజుల పైచిలుకు పోటీలో ఒకటి రెండు మ్యాచ్‌లు అటూ ఇటూ అయితే రెండు క్లబ్బుల జాతకాలు ఎంత దూరమవుతాయో చూడండి. కింది లీగ్‌లలో సీజన్లు పొట్టిగా ఉంటాయి. ఒక కీలక ఆటగాడి కండరం పట్టేస్తే ఏడాది పోయినట్టే. ఆ రిస్క్ తెలిసే దిగాలి.

ఇంకోటి స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు. 2023-24లో ఐ-లీగ్ 2 గెలిచి మనవాళ్లందరినీ సంతోషపెట్టింది. మరుసటి సీజన్ ఐ-లీగ్‌లో నిలదొక్కుకోలేక మళ్లీ కిందికి వచ్చింది. అంతకు చాలా ముందే, 2010-11, 2011-12 సీజన్లలో, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ జట్టు కూడా ఐ-లీగ్ ఆడి దిగిపోయింది. ఉద్యోగులతో నడిచే జట్టుకు ఆ స్థాయిలో నెగ్గుకు రావడం ఎంత కష్టమో అప్పుడే తేలింది. ఈ ఊళ్లో పైకి ఎక్కిన క్లబ్బులు లేక కాదు, ఎక్కిన చోట నిలిచినవి లేవు. మా మిత్రులకు నేను పదే పదే చెప్పింది ఈ సంగతే.

నిలబడిన క్లబ్ కావాలంటే పంజాబ్‌ను చూడాలి. 2022-23 ఐ-లీగ్ గెలిచి, మరుసటి ఏడాది ఐఎస్‌ఎల్‌లో ఎనిమిదో స్థానం. చూడటానికి గొప్పగా అనిపించదు గానీ, కొత్తగా వచ్చిన జట్టుకు అది బాగా ఎక్కువ. ఆ క్లబ్‌లో నాకు నచ్చింది అకాడమీ. పిల్లల జట్లు, కోచ్‌లు, హాస్టల్, అన్నీ సీనియర్ జట్టు పైకి రాకముందే ఉన్నాయి. 2025లో క్లబ్ లైసెన్స్ ఫలితాలు వచ్చినప్పుడు, ఏ వంకా లేకుండా పాసైంది దేశం మొత్తంలో పంజాబ్ ఒక్కటే. పేరున్న ఫ్రాంచైజీలు కొన్ని జరిమానాలతో బయటపడ్డాయి. కొన్నిటికి మొదట లైసెన్సే రాలేదు. కింది నుంచి ఎక్కి వచ్చిన క్లబ్ కాగితాల్లో అందరికన్నా శుభ్రంగా ఉంది. ఈ ఒక్క విషయం చాలు, ఆడి ఎక్కే దారి మీద నాకు గురి కుదరడానికి.

మొహమ్మదన్ దీనికి పూర్తిగా వేరు. 1891లో పుట్టిన క్లబ్, దేశంలో ఏ మూలకు వెళ్లినా అభిమానులున్న క్లబ్. 2023-24లో మొదటిసారి ఐ-లీగ్ గెలిచి పైకి వచ్చింది. మొదటి ఐఎస్‌ఎల్ సీజన్‌లోనే చివరి స్థానం, పెట్టుబడిదారుల మధ్య గొడవలు, జీతాల బకాయిలు. నూట ముప్పై ఏళ్ల పేరు, వేలమంది జనం ఉన్నా ప్రతి నెలా జీతం పడే ఏర్పాటు లేకపోతే ఇంతే. ఐఎస్‌ఎల్‌లో జట్టు జీతాలకు పెట్టిన గరిష్ఠ పరిమితి ఒక దశలో 16.5 కోట్లు. అందరూ అంత ఖర్చు పెట్టాలని లేదు. కానీ మీరు ఆడబోయేది అంత పెట్టగలిగిన వాళ్లతో.

లైసెన్స్ అనే అసలు పరీక్ష

ఐ-లీగ్ గెలిస్తే సరిపోదు. ఆసియా సమాఖ్య పద్ధతిలో నడిచే క్లబ్ లైసెన్స్ పాస్ కావాలి. అందులో ఐదు భాగాలు: ఆట, మైదానం, సిబ్బంది, చట్టపరమైన కాగితాలు, డబ్బు. ఆట అంటే కప్పులు కాదు, పిల్లల జట్లు, వాళ్లకు కోచింగ్, ఆటగాళ్లకు వైద్యం. సిబ్బంది అంటే తగిన డిప్లొమా ఉన్న హెడ్ కోచ్ నుంచి సెక్యూరిటీ చూసే మనిషి దాకా. డబ్బు అంటే ఆడిట్ చేయించిన లెక్కలు, ఎవరికీ బాకీ లేనట్టు రుజువు.

చిన్న క్లబ్బులు బోర్లా పడేది ఈ చివరి దాని దగ్గరే. సూపర్ డివిజన్ క్లబ్ లోపల పని ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. మణిపూర్ నుంచో, కేరళ నుంచో వచ్చిన కుర్రాడికి ఎజిపుర దగ్గర రూమ్ చూపిస్తారు. నెలకింత అని నోటిమాట మీద చెబుతారు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ల ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో పేరు ఎక్కిస్తారు, ఒప్పందం మాత్రం ఒక పేజీ ఉంటే ఎక్కువ. మ్యాచ్ రోజు ఆటో ఖర్చు, టేపు, ఐస్, అంబులెన్స్ డబ్బు మేనేజర్ తన జేబులోంచి పెట్టి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటాడు. సీజన్ అయ్యాక ఆ నోట్‌బుక్కు చూపించి వసూలు చేసుకుంటాడు, అదీ వస్తే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ నోట్‌బుక్కును ఏ ఆడిటరూ ఒప్పుకోడు. నోటిమాట జీతం ఒక్కటి బకాయి పడి ఆ కుర్రాడు ఫిర్యాదు చేస్తే, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడుతుంది.

అందుకే మా పెద్దాయనకు నేను చెప్పిన మొదటి సలహా స్ట్రైకర్ గురించి కాదు. మీ ఫ్యాక్టరీ లెక్కలు చూసే అకౌంటెంట్‌ను నెలకు రెండు రోజులు ఆ క్లబ్‌కు పంపండి అన్నాను. పది లక్షల స్పాన్సర్‌షిప్ కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది.

డబ్బు కట్టి చేరడం

రెండో దారి బిడ్. దీనికి మన ఊళ్లోనే నిలువెత్తు ఉదాహరణ ఉంది. 2013లో ఉక్కు కంపెనీ జేఎస్‌డబ్ల్యూ వాళ్లు బిడ్ ద్వారా బెంగళూరు ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్ పెట్టి నేరుగా ఐ-లీగ్‌లోకి వచ్చారు. అశోక్‌నగర్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడి మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టారు. 2015-16లో మళ్లీ కొట్టారు. 2016లో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా వెళ్లారు. 2017లో రెండో బిడ్‌తో ఐఎస్‌ఎల్, 2018-19లో ఆ కప్పూ వచ్చింది. సునీల్ ఛేత్రి లాంటి నాయకుడు, కంఠీరవ స్టేడియంలో వెస్ట్ బ్లాక్ గ్యాలరీ నిండా అభిమానుల జనం, బళ్లారి జిల్లా విజయనగర్‌లో శిక్షణ కేంద్రం. డబ్బుతో చేరినా పద్ధతిగా కట్టుకుంటూ వచ్చారని నిజాయితీగా ఒప్పుకోవాలి.

కానీ మనం మాట్లాడుతున్న చిన్న క్లబ్‌కు ఈ దారి సరిపడదు. వెనక ఉక్కు కంపెనీ ఉంటే ఏటా కోట్లలో నష్టం వచ్చినా తట్టుకుంటుంది. అంత పెద్ద సంస్థ నడిపే క్లబ్ కూడా 2025 ఆగస్టులో, లీగ్ జరుగుతుందో లేదో తేలక, మొదటి జట్టు జీతాలు ఆపాల్సి వచ్చింది. భారత సమాఖ్యకూ లీగ్ నడిపే సంస్థకూ 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరులో ముగిసిపోవడం, ఆలోపు కొత్తది కుదరకపోవడం దానికి కారణం. చివరికి 2026 ఫిబ్రవరి 14న 14 క్లబ్బులతో, ఒకరితో ఒకరు ఒక్కసారే ఆడే కురచ సీజన్‌గా మొదలైంది. ప్రసార హక్కుల డబ్బు ఎంతొస్తుందో, లీగ్ ఎవరి చేతిలో స్థిరపడుతుందో తేలకుండా ప్రవేశ ఫీజు కట్టమని నేను ఎవరికీ చెప్పను. పైగా 2019 ఒప్పందం ప్రకారం ఆడి వస్తే ఆ ఫీజే లేదు.

అమెరికాలో ఈ దారి ఒక్కటే ఉంది. అక్కడి మేజర్ లీగ్ సాకర్‌లో ప్రమోషన్, రెలిగేషన్ (ఓడి కింది లీగ్‌కు దిగిపోవడం) లేవు. కింది లీగ్‌లో ఆడుతూ జనాన్ని విపరీతంగా పోగేసిన సిన్సినాటి క్లబ్ 15 కోట్ల డాలర్ల ఫీజు కట్టి 2019లో పై లీగ్‌లో అడుగుపెట్టింది. శాక్రమెంటో రిపబ్లిక్‌కు 2019 అక్టోబరులో పిలుపు వచ్చింది, ఊరంతా సంబరం చేసుకుంది. 2021లో ప్రధాన పెట్టుబడిదారుడు తప్పుకోవడంతో కింది లీగ్‌లోనే ఉండిపోయింది. ఆటలో వాళ్లు ఓడిందేమీ లేదు. ఒక మనిషి మనసు మార్చుకుంటే ఊరి కల ఆగిపోయే పద్ధతి అది. ఆడి ఎక్కే అవకాశం మనకు ఉన్నందుకు సంతోషించాలి.

ఉన్నదాన్ని కొనడం, కలిసిపోవడం

మూడోది కొందరికి తెలివైన దారిలా కనిపిస్తుంది. ఇబ్బందుల్లో ఉన్న ఐఎస్‌ఎల్ క్లబ్ వాటా కొని, లేదా మన క్లబ్‌ను అందులో కలిపి, ఒకేసారి పైకి పోవడం. 2020లో మోహన్ బగాన్ ఇలాగే కోల్‌కతాలోని ఐఎస్‌ఎల్ క్లబ్ ఏటీకేతో కలిసి ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది. ఆ ఏడాది ఐ-లీగ్ గెలిచింది కూడా మోహన్ బగానే. పేరు ముందు ఏటీకే తగిలించడం అభిమానులకు నచ్చలేదు. మూడేళ్లు పోరాడి 2023లో దాన్ని తీయించుకున్నారు. అంతటి అభిమాన బలం ఉన్న క్లబ్‌కే తన పేరు తనకు దక్కడానికి మూడేళ్లు పట్టింది. సూపర్ డివిజన్ క్లబ్ ఇలా కలిస్తే దాని పేరు, రంగు ఒక్క సీజన్ కూడా మిగలవు.

హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ వచ్చింది. ఒకప్పుడు భారత జట్టుకు కోచ్‌గా ఉన్న రహీమ్ సాబ్ ఊరికి, ఆటగాడు తులసీదాస్ బలరామ్ ఊరికి, మళ్లీ పెద్ద క్లబ్ వచ్చిందని బెంగళూరులో ఉన్న మనమూ మురిసిపోయాం. మనోలో మార్కెజ్ కోచింగ్‌లో 2021-22 ఐఎస్‌ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తారు. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. మనవాళ్లు కొందరు కంఠీరవలో బెంగళూరు మీద మ్యాచ్ ఆడినప్పుడు పసుపు జెర్సీలు వేసుకుని వెళ్లి, బెంగళూరు అభిమానుల మధ్య కూర్చుని తెలుగులో అరిచారు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. జీతాల బకాయిలు, ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, 2023-24లో అట్టడుగు స్థానం. యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె దగ్గరి నుంచి ఖాళీ స్థానం అందుకుని వచ్చిన క్లబ్, ఆరేళ్లకు హైదరాబాద్‌నూ ఖాళీ చేసి పోయింది. కప్పు గెలిచినా సరే. కొనుక్కున్న స్థానం ఊరికి చెందదు, కాగితం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకు చెందుతుంది. తెలుగువాళ్లుగా ఈ దెబ్బ మనకే తగిలింది కాబట్టి ఈ దారిని నేను ససేమిరా వద్దంటాను.

అదే హైదరాబాద్‌లో శ్రీనిధి దక్కన్ సొంత మైదానం కట్టుకుని, ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన 2021-22లో మూడో స్థానం, తర్వాత రెండు సీజన్లూ రెండో స్థానం తెచ్చుకుంది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ క్లబ్ పద్ధతి నాకు గౌరవం కలిగిస్తుంది. పైకి రాకపోయినా మైదానం మైదానంలాగే ఉంది, అకాడమీ అకాడమీలాగే ఉంది.

ఈ ఊళ్లో మైదానం సంగతి

బెంగళూరు క్లబ్‌కు పైకి వెళ్లాక వచ్చే మొదటి టెన్షన్ స్టేడియం. కంఠీరవ ప్రభుత్వానిది, చుట్టూ పరుగుపందెం ట్రాక్ ఉంది, అథ్లెట్లకు దాని మీద హక్కుంది. బెంగళూరు ఎఫ్‌సీ దాన్ని అద్దెకు వాడుకుంటోంది. రెండో క్లబ్ వస్తే కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పంచుకున్నట్టు పంచుకోవాలి. వీలయ్యే పనే, కానీ మొదటి రోజు నుంచే ప్రభుత్వ శాఖతో మాట్లాడుకోవాలి. మిగిలింది అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియం. అక్కడ కృత్రిమ గడ్డి. ఎండాకాలం మధ్యాహ్నం మ్యాచ్‌కు వెళ్తే ఆ గడ్డి మీంచి వేడి మొహానికి కొడుతుంది. ఆటగాడు జారి లేస్తే మోకాలి నిండా నల్లటి రబ్బరు రవ్వలు అంటుకుని ఉంటాయి, సాక్సులు దులిపితే చారెడు రాలతాయి. పిల్లల మ్యాచ్‌లకు, సూపర్ డివిజన్‌కు అది కల్పవృక్షమే. ఐఎస్‌ఎల్ స్థాయికి అది చాలదు.

పంజాబ్ మొదటి ఐఎస్‌ఎల్ సీజన్‌లో సొంత రాష్ట్రంలో తగిన స్టేడియం లేక ఢిల్లీలో ఆడింది. వారణాసి పేరు పెట్టుకున్న ఇంటర్ కాశీ ఐ-లీగ్ మ్యాచ్‌లు బెంగాల్‌లోని కల్యాణిలో ఆడింది. ఇంటి మ్యాచ్ వేరే ఊళ్లో ఆడితే టికెట్ డబ్బు రాదు, జనం అలవాటు పడరు, స్పాన్సర్ ముఖం చాటేస్తాడు. బెంగళూరులో కనీసం స్టేడియం ఉంది, కబ్బన్ పార్క్ మెట్రో దిగి నడిచిపోవచ్చు. ఈ ఊరికి అది పెద్ద సానుకూలం.

పైకి పోకుండా ఉండటం కూడా ఒక దారే

దీన్ని ఓటమిగా చూడకండి. సూపర్ డివిజన్‌లో స్థిరంగా ఆడుతూ, 13, 15, 17 ఏళ్ల జట్లు నడుపుతూ, ఏటా ఇద్దరు ముగ్గురిని పై క్లబ్బులకు పంపే క్లబ్ ఈ ఊరికి చాలా అవసరం. ఆడపిల్లల జట్టు పెడితే జాతీయ స్థాయి ఇంకా దగ్గర. మన ఊరి కిక్‌స్టార్ట్ ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడి చూపించింది. మగవాళ్ల జట్టును ఐ-లీగ్ దాకా లాగడానికి పెట్టే డబ్బులో కొంతే పెట్టి ఆడపిల్లల జట్టుతో దేశంలోనే పై లీగ్‌లో నిలబడొచ్చు. మా మిత్రులు దీని గురించి ఆలోచించలేదు. చెప్పాక, ముందు ఆసక్తి చూపించింది ఇద్దరు కూతుళ్లున్న ఆయనే.

ఇంతకీ మీరు ఏది ఎంచుకోవాలి

కొన్ని లక్షలు పెట్టగలిగి, క్లబ్ అంటే ఇష్టం ఉన్న బృందమైతే, పిల్లల జట్లున్న సూపర్ డివిజన్ క్లబ్‌ను ఎంచుకుని మూడేళ్లకు మాటివ్వండి. ఒక సీజన్ జెర్సీ మీద పేరు వేయించుకుని వెళ్లిపోయే స్పాన్సర్ వల్ల క్లబ్ అలవాటు చెడుతుంది. వచ్చిన డబ్బుతో సీజన్ మధ్యలో ఖరీదైన ఆటగాడిని తెచ్చి, మరుసటి ఏడాది జీతం ఇవ్వలేక చేతులెత్తేస్తారు. మీరిచ్చే ప్రతి వంద రూపాయల్లో యాభై కోచ్‌లకు, పిల్లలకు, ఇరవై కాగితాలకు, లెక్కలకు, మిగతాది సీనియర్ జట్టుకు అని రాసి ఇవ్వండి. ఇది నా సొంత లెక్క, మీ క్లబ్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ చేసుకోండి.

కోట్లలో పెట్టగలిగిన వాళ్లయితే, ఐ-లీగ్ 2లో ఇప్పటికే ఆడుతున్న క్లబ్‌తో కలవండి, ఆడి ఎక్కే దారిలోనే వెళ్లండి. ఒకటే షరతు పెట్టుకోండి. ఐ-లీగ్‌కు వెళ్లే సీజన్ మొదలయ్యేలోపే ఆ తర్వాతి సీజన్ జీతాల డబ్బు విడిగా బ్యాంకులో ఉండాలి. లేకపోతే ప్రమోషన్ వచ్చినా ఒక ఏడాది ఆగమని చెప్పే ధైర్యం ఉండాలి. అది కష్టమైన మాట, తెలుసు. గెలిచిన కుర్రాళ్ల మొహాలు చూసి చెప్పడం ఇంకా కష్టం. కానీ జీతాలు రాక మధ్యలో చెల్లాచెదురైన జట్టును చూడటం అంతకన్నా ఘోరం.

పెద్ద కంపెనీ వెనకుంటే బిడ్ దారి ఉంది, కానీ లీగ్ వ్యాపార ఒప్పందం స్థిరపడేదాకా ఆగండి. స్థానం కొనడం మాత్రం ఎవరికీ చెప్పను.

తల్లిదండ్రులు ఒక మాట అడుగుతుంటారు, మా వాడిని ఏ క్లబ్‌లో వేయాలి, పైకి వెళ్లే క్లబ్‌లోనా, చిన్న క్లబ్‌లోనా అని. పదిహేనేళ్ల లోపైతే క్లబ్ ఏ డివిజన్‌లో ఉందన్నది చూడకండి. వారానికి ఎన్ని శిక్షణలు, ఏడాదికి ఎన్ని నిజమైన మ్యాచ్‌లు, కోచ్‌కు లైసెన్స్ ఉందా, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఈ నాలుగూ అడిగి చేర్చండి.

క్లబ్‌కు డబ్బు ఇచ్చే ముందు మీరే వెళ్లి ఆఫీసులో కూర్చుని అడగాల్సినవి కూడా ఉన్నాయి. గత రెండేళ్ల ఆడిట్ కాపీ ఇస్తారా? ఆటగాళ్లందరికీ సంతకం చేసిన ఒప్పందాలున్నాయా, చూపిస్తారా? క్లబ్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది, సొసైటీనా, కంపెనీనా, రేపు ఎవరైనా అమ్మాలనుకుంటే సభ్యుల అనుమతి కావాలా? శిక్షణ మైదానం లీజు ఎప్పటిదాకా ఉంది? గత సీజన్ ఆడిన కుర్రాళ్లలో ఎవరికైనా బకాయి ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు క్లబ్ సెక్రటరీ నుంచి మాత్రమే తీసుకోకండి. అక్కడ ఆడి వెళ్లిపోయిన ఒకరిద్దరు ఆటగాళ్లను ఫోన్‌లో అడగండి. వాళ్లు "అన్నీ ఇచ్చేశారు, మళ్లీ పిలిస్తే వస్తాం" అంటే, ఆ క్లబ్ ఏ డివిజన్‌లో ఉన్నా సరే, చెక్కు రాయండి.